చేపల తొట్టిలో పాచి: వెలుతురుకూ ఒక లెక్క ఉంది

ఇళ్ల హాళ్లలో, డాక్టర్ల క్లినిక్కుల్లో, బడి వరండాల్లో గాజు చేపల తొట్టి ఇప్పుడు మామూలు దృశ్యమైపోయింది. ప్లాస్టిక్ మొక్కలు తీసేసి నిజమైన నీటి మొక్కలు పెంచేవారు కూడా పెరిగారు. మొదటి పదిహేను రోజులు తొట్టి కన్నుల పండువగా ఉంటుంది. మూడో వారానికి అద్దం మీద గోధుమ రంగు పొర కనిపిస్తుంది. రెండో నెలకు ఆకుల అంచుల్లో పచ్చని దారాలు వేలాడతాయి, లేదా నీళ్లే బఠాణీ పులుసులా మారతాయి. పిల్లల మోజు తగ్గిపోతుంది, పెద్దలకు విసుగు పుడుతుంది. చివరికి తొట్టి ఖాళీ అయి మేడ మీదకు చేరుతుంది. అందులోని చేపలు ఏమయ్యాయని ఎవరూ అడగరు.

అడగవలసిన ప్రశ్న మాత్రం అదే. నోరులేని ప్రాణిని ఇంటికి తెచ్చుకున్న తరువాత అది మన చేతిలోని అమానత్. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాగించినవారికి మన్నింపు లభించిందనీ, పిల్లిని కట్టేసి తిండి పెట్టకుండా చంపిన స్త్రీ శిక్షకు గురైందనీ దైవప్రవక్త (స) తెలియజేసిన సంగతులు మనమంతా విన్నవే. ఆ పిల్లికైనా కట్టు విప్పితే తన తిండి తాను వెతుక్కునే దారి ఉండేది. గాజు గోడల మధ్య ఉన్న చేపకు ఆ దారి కూడా లేదు. తిండి, గాలి, వెలుతురు, చీకటి అన్నీ మన చేతి మీదుగానే దానికి అందాలి. వీటిలో తిండి గురించి అందరూ ఆలోచిస్తారు. వెలుతురు గురించి ఆలోచించేవారు తక్కువ. తొట్టి పాడవడానికి చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

పాచి ఎక్కడి నుంచి వస్తుంది?

శాస్త్రం శైవలాలు అని పిలిచేవాటిని మనం వాడుకలో పాచి, నాచు అంటాం. చెరువుల్లో పెరిగే కొన్ని నీటి మొక్కలను కూడా నాచు అంటారు కనుక ఇక్కడ పాచి అన్న మాటే వాడుకుందాం. పాచికి వేరు, కాండం, పువ్వు ఉండవు. కొన్ని రకాలు ఒకే కణంతో బతుకుతాయి. వాటి బీజకణాలు నీటిలో, గాలిలో, కొత్తగా కొన్న మొక్క ఆకుల మీద, చేపతో వచ్చిన కవరులో కూడా ఉంటాయి. కాబట్టి పాచి అసలే లేని తొట్టి అంటూ ఉండదు. అది కంటికి కనిపించనంత తక్కువగా ఉందా, కంటికి అడ్డొచ్చేంత ఎక్కువగా ఉందా అన్నదే తేడా.

మొక్కకు కావలసినవే పాచికీ కావాలి. వెలుతురు, నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్, నత్రజని, భాస్వరం, పొటాషియం, ఇనుము వంటి పోషకాలు. 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు నీటిలో ముంచిన ఆకుల నుంచి ఎండలో బుడగలు రావడం, చీకటిలో అవి ఆగిపోవడం గమనించి, ఆకులు ప్రాణవాయువును విడుదల చేయడానికి వెలుతురు తప్పనిసరి అని చూపాడు. ఇవాళ మన తొట్టిలో ఆకుల అంచున ముత్యాల్లా నిలిచే బుడగలు అవే.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. రెండింటికీ కావలసినవి ఒకటే అయినప్పుడు, వెలుతురు పెంచితే మొక్కలు కూడా బాగా పెరగాలి కదా? పాచి మాత్రమే ఎందుకు పెరుగుతుంది?

దీనికి జవాబు వంటింట్లో దొరుకుతుంది. దావత్ కోసం దేగ్ పొయ్యి మీద పెట్టారనుకుందాం. బియ్యం, మాంసం, నీళ్లు కొలత ప్రకారం పడ్డాయి. మంట సరిపడా ఉంటే బిర్యానీ కుదురుతుంది. మంట రెండింతలు చేస్తే బిర్యానీ రెండింతలు కాదు, అడుగంటుతుంది. తొట్టిలో వెలుతురు మంట లాంటిది. కార్బన్ డయాక్సైడు, పోషకాలు బియ్యం, మాంసం లాంటివి. ఏ సరుకు అన్నిటికంటే తక్కువగా ఉందో దాన్ని బట్టే పెరుగుదల ఆగుతుందని 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం పొలానికి ఎంత వర్తిస్తుందో తొట్టికీ అంతే వర్తిస్తుంది.

మన ఇళ్లలోని తొట్టుల్లో సాధారణంగా తక్కువ పడేది కార్బన్ డయాక్సైడ్. గాలితో సమతూకంలో ఉన్న లీటరు నీటిలో అది ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా గాలిలో కంటే నీటిలో అది సుమారు పదివేల రెట్లు నిదానంగా వ్యాపిస్తుంది. సిలిండరుతో గ్యాస్ ఎక్కించే తొట్టుల్లో లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా ఉంచుతారు. కాబట్టి గ్యాస్ లేని తొట్టి మీద గ్యాస్ ఉన్న తొట్టికి సరిపోయే లైటు బిగిస్తే మొక్క ఆ వెలుతురును వాడుకోలేదు. ఆకులు నీరసించి, వాటి నుంచి సేంద్రియ పదార్థం నీటిలోకి కారుతుంది. పాచి అవసరాలు చాలా చిన్నవి. మొక్క వదిలేసిన వెలుతురు, చేప వదిలిన వ్యర్థం దానికి చాలు. ఆరోగ్యంగా పెరుగుతున్న ఆకు మీద పాచి అంత తేలికగా పట్టదు. నీరసించిన ఆకు మీదే ముందుగా పడుతుంది. కనుక పాచిని తగ్గించడం అంటే అసలు అర్థం మొక్కను బలపరచడమే.

వెలుతురులో మూడు సంగతులు

లైటు ఉందా లేదా అని కాక, మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎంతసేపు? ఎంత తీక్షణం? ఎక్కడి నుంచి?

మొదటిది, ఎంతసేపు. హాల్లో అలంకారంగా పెట్టిన తొట్టి లైటు పొద్దున లేవగానే వేసి, రాత్రి పడుకునేముందు ఆర్పడం చాలా ఇళ్లలో అలవాటు. అంటే 14, 15 గంటలు. మొక్కలకు అంత అవసరం లేదు. కొత్తగా పెట్టిన తొట్టికి రోజుకు 6 గంటలు చాలు. మొక్కలు వేళ్లూని కొత్త ఆకులు వేశాక 7, 8 గంటలకు పెంచవచ్చు. గ్యాస్ లేని ఇంటి తొట్టికి 8 గంటలు దాటవలసిన అవసరం దాదాపుగా రాదు.

రంజాన్ నెలలో ఈ సంగతి మరింత గుర్తుంచుకోవాలి. తరావీహ్ తరువాత ఇంట్లో మెలకువగానే ఉంటాం, సహరీకి మళ్లీ లేస్తాం. హాల్లో మనుషులు ఉన్నంతసేపూ తొట్టి లైటు వెలుగుతూనే ఉంటుంది. ఇంటికి వచ్చే చుట్టాల పిల్లలు చేపలకు తిండి వేస్తూనే ఉంటారు. వెలుతురూ పెరిగింది, తిండీ పెరిగింది. ఈద్ నాటికి తొట్టి పచ్చబడితే అందులో వింత ఏమీ లేదు.

దీనికి మందు ఒక టైమర్. ప్లగ్గుకు తగిలించే చిన్న పరికరం చాలు. మధ్యాహ్నం 3 గంటలకు వెలిగి రాత్రి 10 గంటలకు ఆరేలా పెడితే, ఇంటిల్లిపాదీ ఉన్న వేళ తొట్టి చూడటానికి ఉంటుంది, లెక్క 7 గంటలు దాటదు. తిరిగే చక్రం ఉన్న టైమర్ కరెంటు పోయినప్పుడు ఆగిపోతుంది. రెండు గంటల కోత పడితే రెండు గంటలు వెనకబడుతుంది. అలా నాలుగైదుసార్లు జరిగితే అర్ధరాత్రి లైటు వెలుగుతుంటుంది. కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లలో లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోవాలి, లేదా వారానికొకసారి చక్రం సరిచూసుకోవాలి.

కరెంటు లెక్క కూడా చూడండి. 20 వాట్ల లైటు రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు 8.4 యూనిట్లు. 7 గంటలు వెలిగితే 4.2 యూనిట్లు. మిగిలిన సగం పాచిని పెంచడానికి మనం కట్టిన బిల్లు. ఇస్రాఫ్‌కు ఇంతకంటే చిన్న ఉదాహరణ, ఇంత స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

రెండోది, ఎంత తీక్షణం. మన కన్ను దీన్ని కొలవలేదు. కంటిపాప వెలుతురుకు తగ్గట్టు సర్దుకుంటుంది కనుక, రెండింతల తేడా కూడా మనకు కొంచెం తేడాగానే తోస్తుంది. అందుకని ఒక ఉజ్జాయింపు లెక్క పెట్టుకోవాలి. బల్బు డబ్బా మీద వాట్లతో పాటు ల్యూమెన్లు కూడా రాసి ఉంటాయి. లీటరు నీటికి 10 నుంచి 20 ల్యూమెన్లు అయితే తక్కువ వెలుతురు, 20 నుంచి 40 అయితే మధ్యస్థం, 40 దాటితే ఎక్కువ. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి రెండు ఘనపుటడుగులు, అంటే సుమారు 56 లీటర్లు. అడుగున గ్రావెల్, పైన ఖాళీ పోను 45 లీటర్ల నీరు అనుకుందాం. తక్కువ వెలుతురు మొక్కలకు లీటరుకు 20 చొప్పున 900 ల్యూమెన్లు సరిపోతాయి. మామూలు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఇచ్చే వెలుతురు దాదాపు అంతే. ఆ తొట్టి మీద 30 వాట్ల లైటు పెట్టి, పాచి ఎందుకు వచ్చిందని అడగడంలో అర్థం లేదు.

ట్యూబులైట్ల కాలంలో గ్యాలనుకు ఇన్ని వాట్లు అని ఒక లెక్క ఉండేది. ఎల్ఈడీలు అదే వాటుకు చాలా ఎక్కువ వెలుతురిస్తాయి కనుక ఆ పాత లెక్క ఇప్పుడు పట్టుకుంటే మొక్కలకు మంట ఎక్కువవుతుంది.

మూడోది, ఎక్కడి నుంచి. లైటు సంగతి ఎంత సరిచేసినా, తొట్టి మీద కిటికీ ఎండ పడుతుంటే లెక్క తప్పుతుంది. వెలుతురు బాగా ఉన్న గదిలో 300 నుంచి 500 లక్సులు ఉంటే, నడి మధ్యాహ్నం నేరుగా పడే ఎండలో దాదాపు లక్ష లక్సులు ఉంటాయి. అరగంట పడే ఎండ కూడా తక్కువేమీ కాదు. పైగా ఎండ చోటు మారుతుంది. మన ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు దక్షిణంగా వాలి ప్రయాణిస్తాడు కనుక, వేసవిలో ఎండ రాని దక్షిణపు కిటికీ గుండా చలికాలంలో గది లోపలి దాకా ఎండ వస్తుంది. పడమటి కిటికీ గుండా వేసవి సాయంత్రాలు ఎండ కొడుతుంది. దాంతో నీళ్లు వేడెక్కి, కరిగిన ప్రాణవాయువు తగ్గి, పాచికంటే ముందు చేపకే ఇబ్బంది వస్తుంది. తొట్టిని లోపలి గోడకు జరపడం, లేదా కిటికీ వైపు అద్దానికి ముదురు రంగు కాగితం అంటించడం మేలు.

రంగు మారిస్తే పాచి పోతుందా?

దుకాణాల్లో నీలం, గులాబీ రంగు లైట్లు చూపించి, ఈ లైటుకు పాచి రాదని చెప్పేవారు ఉన్నారు. పచ్చని పాచిలోనూ, మొక్కలోనూ ఉన్న పత్రహరితం ఒకటే. రెండూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన జాతులు. మొక్కకు పనికొచ్చి పచ్చ పాచికి పనికిరాని రంగు వెలుతురు లేదు. నీలి పచ్చ పొర, నల్ల పాచి వంటి వాటిలో వేరే వర్ణకాలు కూడా ఉండి, మొక్కలు అంతగా వాడుకోని రంగులను కూడా పట్టుకుంటాయి. 6,500 కెల్విన్ అని రాసి ఉండే మామూలు తెల్లని పగటి వెలుతురు లైటు మొక్కలకూ, మన కంటికీ సరిపోతుంది. రంగు కోసం పెట్టే డబ్బు టైమరు మీద పెట్టడం తెలివైన పని.

ఏ పాచి ఏమి చెబుతుంది?

పాచి రకాన్ని బట్టి లోపం ఎక్కడుందో కొంత తెలుస్తుంది.

గోధుమ రంగు పొర: కొత్త తొట్టుల్లో మొదటి కొన్ని వారాల్లో వస్తుంది. ఇవి డయాటములు. వేలితో తుడిస్తే పోతుంది. తొట్టి కుదురుకున్న కొద్దీ దానంతట అదే తగ్గుతుంది. దీన్ని చూసి వెలుతురు తక్కువైందని లైటు పెంచకూడదు.

అద్దం మీద గట్టి పచ్చ చుక్కలు: వెలుతురు ఎక్కువైనప్పుడు తరచుగా వస్తాయి. స్క్రేపరుతో గీకి తీసి, లైటు తగ్గించాలి.

పచ్చని దారాలు: వెలుతురు, పోషకాల మధ్య పొత్తు కుదరలేదని గుర్తు. పాత టూత్‌బ్రష్షు తిప్పితే దానికి చుట్టుకుని వస్తాయి. ముందు చేతితో తీసి, తరువాత లైటు గంటలు తగ్గించాలి.

పచ్చని నీళ్లు: ఒంటి కణపు పాచి నీటిలో తేలుతూ ఉంటుంది. ఎండ పడే తొట్టుల్లో, తిండి ఎక్కువైన తొట్టుల్లో వస్తుంది. నీళ్లు ఎన్నిసార్లు మార్చినా మళ్లీ వచ్చేది ఇదే. దీనికి చీకటి చికిత్స బాగా పనిచేస్తుంది.

నల్లని గడ్డం లాంటి కుచ్చులు: పేరుకు నల్లది, వర్గానికి ఎర్ర శైవలం. కార్బన్ డయాక్సైడ్ నిలకడగా లేని తొట్టుల్లో ఎక్కువ. పట్టిన ఆకును కత్తిరించేయడమే మేలు.

నీలి పచ్చ జిగురు పొర: దుర్వాసన వస్తుంది, దుప్పటిలా ఊడి వస్తుంది. ఇది నిజానికి పాచి కాదు, ఒక బాక్టీరియా. మురికి పేరుకున్న చోట, నీటి కదలిక లేని చోట వస్తుంది. సైఫన్‌తో పీల్చేసి, గ్రావెల్ శుభ్రం చేయాలి.

నాలుగు వారాల పద్ధతి

వెలుతురు ఎలా ప్రయాణిస్తుందో, కన్ను ఎలా చూస్తుందో ప్రయోగాలతో పరిశీలించి కితాబుల్ మనాజిర్ రాసిన ఇబ్నుల్ హైసమ్ పేరు మన పిల్లలకు తెలియాలి. సుమారు 965లో బస్రాలో పుట్టి, కైరోలో జీవించిన ఆయన, విన్నదాన్ని నమ్మకుండా పరీక్షించి చూడాలన్న పట్టుదల గల మనిషి. తొట్టి దగ్గర కూడా ఆ పద్ధతే కావాలి. ఒకేసారి లైటు తగ్గించి, మందు పోసి, మొక్కలు మార్చి, ఫిల్టరు కడిగేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కొక్కటే మార్చాలి, ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోవాలి. పదో తరగతి పిల్లవాడు హాయిగా చేయగల పని ఇది.

మొదటి వారం: చేతికి అందిన పాచి అంతా తీసేయండి. బాగా పట్టిన పాత ఆకులు కత్తిరించండి, అవి మళ్లీ బాగుపడవు. సగం నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడం మరవకండి. టైమరు పెట్టి లైటును 6 గంటలకు కుదించండి. కిటికీ ఎండ ఆపండి. తిండి రోజుకొకసారి, రెండు నిమిషాల్లో చేపలు ముగించేంతే. మిగిలిన తిండి కుళ్లి నత్రజని, భాస్వరంగా మారేది పాచి కోసమే.

రెండో వారం: ఏమీ మార్చకండి. జుమా రోజు గుర్తుగా పెట్టుకుని, ప్రతి వారం మూడో వంతు నీళ్లు మార్చండి. పాత ఆకులను కాదు, కొత్తగా వచ్చే ఆకులను చూడండి. అవి శుభ్రంగా ఉంటే దారిలో పడ్డట్టే.

మూడో వారం: పాచి ఇంకా వస్తుంటే ఇప్పుడు తీక్షణత తగ్గించండి. లైటును నాలుగైదు అంగుళాలు పైకి ఎత్తండి. రెండు వరుసల లైటయితే ఒక వరుస ఆర్పండి. డిమ్మర్ ఉంటే తిప్పండి. ఇవేవీ కుదరకపోతే అంతరతామర వంటి తేలే మొక్కతో నీటి పైభాగం మూడో వంతు కప్పండి. అది నీడనిస్తుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడును నేరుగా వాడుకుంటూ నీటిలోని అదనపు పోషకాలను కూడా లాగేస్తుంది.

నాలుగో వారం: మొక్కలను అడగండి. కాండం సన్నగా సాగిపోయి, కింది ఆకులు రాలుతుంటే వెలుతురు చాలడం లేదు. అరగంట పెంచి రెండు వారాలు ఆగండి. మొక్కలు కురచగా, ఒత్తుగా ఉండి పాచి లేకపోతే అదే మీ తొట్టి కొలత. పుస్తకంలో రాసుకోండి, ఇక మార్చకండి.

గంటలు ముందు తగ్గించి, తీక్షణత తరువాత ఎందుకు తగ్గించాలి? మొక్క బతకడానికి ఒక కనీస వెలుతురు ఉంటుంది. అంతకంటే మసక వెలుతురు 14 గంటలు ఇచ్చినా మొక్కకు కడుపు నిండదు, పాచికి మాత్రం నిండుతుంది. సరిపడా వెలుతురు తక్కువసేపు ఇవ్వడమే మొక్కకు లాభం.

మొదటిసారి మొక్కలు పెట్టేవారు జావా ఫెర్న్, అనూబియాస్, క్రిప్టోకొరైన్ వంటి తక్కువ వెలుతురుకు ఓర్చేవి తీసుకోవాలి. వాటితోపాటు వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ వంటి త్వరగా పెరిగేవి మొదటి రోజు నుంచే ఒత్తుగా పెట్టాలి. ఖాళీ గ్రావెల్ మీద నాలుగు మొక్కలు నాటి పెద్ద లైటు వేస్తే, ఖాళీ పొలంలో కలుపుకు నీళ్లు పెట్టినట్టే.

చీకటి చికిత్స

నీళ్లు పచ్చబడినప్పుడు, దారాలు అదుపు తప్పినప్పుడు మూడు రోజుల చీకటి మంచి వైద్యం. ముందు పాచి తీసి సగం నీళ్లు మార్చాలి. లైటు తీసేసి తొట్టిని మందపాటి దుప్పటితో అన్ని వైపులా కప్పాలి. పై భాగంలో గాలి ఆడేందుకు కొంచెం సందు ఉంచాలి. ఫిల్టరు, ఎయిర్ పంపు ఆగకుండా నడవాలి. గ్యాస్ ఉంటే కట్టేయాలి. ఆ మూడు రోజులు తిండి వేయకూడదు. ఆరోగ్యమైన పెద్ద చేపలకు మూడు రోజుల పస్తు ప్రమాదం కాదు. మొక్కల్లో నిల్వ ఉన్న పిండి పదార్థం వాటిని నడిపిస్తుంది, పాచికి అంత నిల్వ ఉండదు. నాలుగో రోజు దుప్పటి తీసి మళ్లీ సగం నీళ్లు మార్చాలి, చచ్చిన పాచి నీటిలో కుళ్లకూడదు. ఆ తరువాత లైటు 6 గంటలే. పాత అలవాటు ప్రకారం 14 గంటలకు వెళితే చేసిన వైద్యమంతా వృథా.

ఎయిర్ పంపు ఎందుకు ఆపకూడదంటే, చీకటిలో మొక్కలు, పాచి కూడా చేపల్లాగే ప్రాణవాయువు వాడుకుంటాయి. అందుకే మామూలు రోజుల్లో కూడా తొట్టిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లవారుజామున. ఫజ్ర్‌కు లేచినప్పుడు ఒక్కసారి తొట్టి వైపు చూడండి. చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే రాత్రిపూట ఎయిర్ పంపు నడపాలని అర్థం. మంచి ఆరోగ్య పరీక్ష అది, ఖర్చు లేనిది.

తొట్టిలో చేయి పెట్టేముందు అన్ని ప్లగ్గులు తీయండి. వైరు ప్లగ్గుకంటే కిందికి ఒకసారి వేలాడి పైకి వచ్చేలా పెడితే, దాని మీదుగా జారిన నీటి చుక్క స్విచ్చులోకి పోకుండా కింద పడుతుంది. ఇంట్లో పిల్లలున్నారని గుర్తుంచుకోండి.

ఇతరులకు హాని చేసే పరిష్కారాలు

పాచి అనగానే దుకాణంలో చాలాచోట్ల వచ్చే సలహా సక్కర్ చేప. రెండంగుళాల పిల్లగా చవకగా వస్తుంది. దాని సొంత దేశం దక్షిణ అమెరికా. పెరిగితే అడుగు దాటుతుంది. రెండడుగుల తొట్టిలో దానికి చోటు చాలదు, అది వదిలే వ్యర్థమే పాచికి ఎరువవుతుంది. అప్పుడు జాలిపడి దగ్గరి చెరువులో వదిలేస్తారు. జాలి అనుకున్నది అక్కడ జుల్మ్ అవుతుంది. ముళ్ల రెక్కలు, కవచం లాంటి చర్మం ఉన్న ఆ చేపకు ఇక్కడ శత్రువులు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో చేపల చెరువుల రైతులు, నదులు, చెరువుల మీద బతికే జాలరులు దయ్యపు చేప అని పిలిచి తల పట్టుకుంటున్నది దీన్నే. వలలు చింపుతుంది, మేత తింటుంది, అమ్మబోతే కొనేవారు ఉండరు. మన హాల్లో పాచి పోవాలని మనం కొన్న చేప ఇంకొకరి అన్నంలో రాయి కాకూడదు.

మొక్కల సంగతీ అంతే. మన చెరువులను ముంచెత్తిన గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి అందమైన పూల మొక్కగా దేశదేశాలకు పాకినదే. తొట్టిలో కత్తిరించిన మొక్కలను, అదనంగా పెరిగిన అంతరతామరను కాలవలో వేయకండి. ఎండలో ఆరబెట్టి కుండీల్లో ఎరువుగా వేయండి. తొట్టి నుంచి తీసిన నీళ్లు కూడా పూల మొక్కలకు మంచి బలం.

పాచి తినే సాయం కావాలంటే నెరైట్ నత్తలు మేలు, అవి మంచినీటి తొట్టిలో సంతానం పెంచలేవు. జపాన్ తొట్టి కళాకారుడు తకాషి అమానో ప్రాచుర్యంలోకి తెచ్చి, ఆయన పేరుతోనే పిలవబడే అమానో రొయ్య కూడా దారాల పాచిని బాగా తింటుంది. అయితే ఇవి సాయం మాత్రమే. వెలుతురు లెక్క సరిచేయకుండా నత్తలు వేస్తే, కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే.

పాచి మందు సీసాల సంగతి చెప్పాలంటే, రాగి ఉన్న మందులు నత్తలను, రొయ్యలను చంపుతాయి, కొన్ని మొక్కలను కూడా దెబ్బతీస్తాయి. పాచి ఒకేసారి చచ్చి కుళ్లితే ప్రాణవాయువు తగ్గి చేపలూ పోవచ్చు. కారణం అలాగే ఉంటుంది కనుక పాచి మళ్లీ వస్తుంది, సీసా మళ్లీ కొనాలి.

పని నేర్చుకునే పిల్లలకు ఒక మాట

చదువుతో పాటు చిన్న సంపాదన వెతుక్కునే మన యువకులకు తొట్టుల సంరక్షణ ఒక గౌరవమైన పని. క్లినిక్కులు, హోటళ్లు, ఆఫీసులు నెలసరి డబ్బిచ్చి తమ తొట్టులు చూసుకోమంటాయి. ఈ పనిలో పేరు నిలిచేది, పోయేది పాచి దగ్గరే. వచ్చినప్పుడల్లా గీకి, మందు పోసి వెళ్లేవాడికి వచ్చే నెల కూడా అదే గీకుడు. మొదటి రోజే టైమరు బిగించి, కిటికీ చూసి, ల్యూమెన్లు లెక్కవేసి, తిండి ఎంత వేయాలో అక్కడి మనిషికి నేర్పి వచ్చేవాడికి పని తగ్గుతుంది, నమ్మకం పెరుగుతుంది. అవసరం లేని పెద్ద లైటు అమ్మితే ఆ రోజు లాభం రావచ్చు. ఈ తొట్టికి ఇంత లైటు వద్దని చెప్పడం హలాల్ సంపాదనలో భాగం. ఆ మాట విన్నవాడు మరో నలుగురిని పంపుతాడు.

అర్రహ్మాన్ సూరాలో వచ్చే మీజాన్ అన్న మాటను మనం తూకానికి, న్యాయానికి వాడతాం. రెండడుగుల గాజు తొట్టిలో కూడా ఆ తూకం కనిపిస్తుంది. వెలుతురు అల్లాహ్ ప్రసాదించిన వరం. మితంగా అందితే ఆకు ముత్యాలు కడుతుంది, మితిమీరితే అదే వెలుతురు పాచిని పెంచి చేపను చంపుతుంది. ఇంట్లో తొట్టి ఉన్నవారు ఈ రోజే లైటు ఎన్ని గంటలు వెలుగుతోందో లెక్కపెట్టండి. ఎనిమిది దాటితే తగ్గించండి. నాలుగు వారాలు ఓపిక పట్టండి. ఆ నోటుపుస్తకం మీ పిల్లల చేతిలో పెట్టండి. ఇన్షా అల్లాహ్, తొట్టి తేటపడుతుంది, ఒక ప్రాణి బాధ్యతను కొలతతో, క్రమంతో మోయడం పిల్లలకు అలవాటవుతుంది.